వలకు అటూ ఇటూ

నరసాపురం దాటి గోదారి గట్టు పట్టుకుని సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్ళలో ఒకదానిలో ఆదెమ్మ అనే ఎండుచేపల వ్యాపారి ఉండేది. మెత్తళ్ళు, సావిడాయలు, ఎండురొయ్యలు గంపల్లో సర్దుకుని సంతలకు పోయేది. ఆమె ఇంట్లో మసి అనే నల్లపిల్లి ఉండేది. ఎండుచేపల ఇంట్లో పిల్లిని పెంచడమేమిటని ఊరు నవ్వేది గానీ, మసి ఉప్పుచేప జోలికి పోయేది కాదు. గంపల చుట్టూ తిరిగే ఎలుకలే దాని వ్యవహారం. పొద్దున్న అరుగు మీద, ఎండ ముదిరాక అటక మీద, తెల్లారగట్ల ఆదెమ్మ కాళ్ళ దగ్గర. ఆ ఇంట్లో ఏ మూల ఏ వేళ ఎవరిదో దానికి బాగా తెలుసు. అన్నీ దానివే.

ఆదెమ్మ కొడుకు సత్తిబాబు మరబోటు మీద వేటకు వెళ్తాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గర దొరికేది అప్పుడే కాబట్టి పెళ్ళిళ్ళూ అప్పుడే పెట్టుకుంటారు. సత్తిబాబు పెళ్ళీ వైశాఖంలో అలాగే అయింది. కోడలు దుర్గ కాపురానికి వస్తూ సారె తెచ్చుకుంది. ఇత్తడి బిందెలు, కాజాలు, అరిసెలు, మంచం, బీరువా. చివర్లో మూత కట్టిన వెదురుబుట్ట ఒకటి దిగింది. లోపల ఏదో గీరుతున్న చప్పుడు.

"నా పిల్లి అత్తా. మీగడ. నేను కనపడకపోతే తిండి ముట్టదు" అంది దుర్గ.

సారె చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు మొహాలు చూసుకున్నారు. "సారెలో పిల్లిని తెచ్చుకున్న కోడల్ని ఇదే చూడ్డం" అంది పక్కింటి నూకాలమ్మ. కొత్తపిల్ల మొహం చిన్నబోయింది. అది చూడలేక ఆదెమ్మ "పోనీలే, ఉన్నదానికి తోడుంటుంది" అంటూ నడివాకిట్లోనే బుట్ట మూత తీసేసింది.

మసి అరుగు మీద లేచి నిలబడింది. మీగడ బుట్టలోంచి తల బయటపెట్టింది. రెండూ కదలకుండా ఒకదాన్నొకటి చూసుకుంటుంటే పలకరించుకుంటున్నాయనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. పిల్లుల్లో రెప్పవాల్చని చూపు పలకరింపు కాదు, కయ్యానికి కాలు దువ్వడం. మసి చెవులు వెనక్కి వాలి తలకు అతుక్కుపోయాయి. తోక రెండింతలు లావైంది. ఆపైన ఎవరికీ ఏదీ సరిగ్గా కనపడలేదు. అరిసెల పళ్ళెం బోర్లా పడింది. విడదీయడానికి చెయ్యి పెట్టిన సత్తిబాబు ముంజేతి మీద నాలుగు నెత్తుటి గీతలు తేలాయి.

పిల్లుల గురించి అడగాలే గానీ సలహా చెప్పనివాళ్ళు ఊళ్ళో ఉండరు. కొట్టుకున్నప్పుడల్లా చెంబెడు నీళ్ళు పొయ్యమన్నారొకరు. కొత్తదాన్ని గోదారి దాటించి వదిలెయ్యమన్నారింకొకరు. నూకాలమ్మ మాత్రం తేల్చి చెప్పింది. "రెంటినీ ఒక గదిలో పెట్టి రాత్రికి గడియ వెయ్యి. కొట్టుకుని కొట్టుకుని అవే సర్దుకుంటాయి. మేం తోడికోడళ్ళం సర్దుకోలేదూ?" నూకాలమ్మకీ ఆమె తోడికోడలికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవని అందరికీ తెలుసు. అయినా ఆదెమ్మ ఆ మాటే విన్నది.

తెల్లారి గడియ తీసేసరికి మీగడ చెవి చిరిగి బియ్యం డ్రమ్ము వెనక నక్కి ఉంది. మసి తలుపు సందులోంచే దూరిపోయి అటకెక్కి, ఇక దిగలేదు. ఇల్లు మాటుమణిగాకే తిండికి వచ్చేది. నాలుగో రోజు సంతకు సర్దిన మెత్తళ్ళ గంపలో ఒంటికి పోసింది. పుట్టి బుద్ధెరిగాక అది ఎన్నడూ అలాంటి పని చేసింది కాదు. గంపెడు సరుకు గోదారి పాలు. "నీ పిల్లి వచ్చిన దగ్గర్నుంచీ..." అని మొదలుపెట్టి ఆదెమ్మ నాలిక కరుచుకుంది. మిగతా మాట కోడలికి వినపడనే వినపడింది. "మా ఊరు పంపించేస్తాలే అత్తా" అని ఆ పూట దుర్గ అన్నం తినలేదు.

చిరిగిన చెవికి మందు రాయడానికి పశువుల ఆసుపత్రిలో చేసి రిటైరైన కాంపౌండరు గారు వచ్చారు. చెవి తుడిచి మందు పెట్టారు గానీ, కొట్లాట గురించి ఒక్క ముక్కా అడగలేదు. ఎక్కడ తింటున్నాయి, నీళ్ళెక్కడ పెడుతున్నారు, ఒంటికీ రెంటికీ ఎటు పోతున్నాయి అని అడుగుతూ ఇల్లంతా తిరిగారు. గిన్నె ఒకటే, వంటింటి గుమ్మం దగ్గర. నీళ్ళ ముంత దాని పక్కనే. పెరట్లోకి దారీ ఒకటే. పెరటి గడపలో మీగడ కూర్చుంటుంది, ఊరికే, ఎండ కోసం.

"అదే అక్కా జబ్బు" అన్నారాయన. "గంపలో పోసింది నీ మీద పగతో కాదు. దాని దారికి అడ్డంగా ఇది కూర్చుంది. ఇది కూర్చున్నది కొట్టడానికీ కాదు. దానికి మాత్రం ఆ గడప ఇప్పుడు మూసుకుపోయినట్టే. ఈ రెంటికీ స్నేహం నేర్పాలని చూస్తున్నావు నువ్వు. స్నేహం మన చేతిలో పని కాదు. భయం తియ్యడం మన చేతిలో ఉంది."

ముందు మీగడను కొట్టుగదిలో పెట్టించారు. దాని గిన్నె, దాని నీళ్ళు, దాని ఇసుకతట్ట, దూరి దాక్కోడానికి బోర్లించిన అట్టపెట్టె. ఇల్లు మళ్ళీ మసిది. రెండు రోజుల్లో అది అటక దిగింది.

తర్వాత గుడ్డల పని. దుర్గ పాత ఓణీ చింపి ఒక ముక్కతో మీగడ బుగ్గలు, కంటికీ చెవికీ మధ్య వెంట్రుకలు పలచగా ఉండే చోటు, గడ్డం కింద నెమ్మదిగా రుద్దింది. పిల్లి తన వాసనను వస్తువులకు అంటించేది అక్కడి గ్రంథుల నుంచే. మనం ముద్దనుకునే ఆ రుద్దుడంతా దానికి సంతకం. ఆ ముక్కను మసి గిన్నెకు బారెడు దూరంలో పడేశారు. మసి వచ్చి వాసన చూసింది. పెదవి పైకి లాగి, నోరు సగం తెరిచి, ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. అంగిట్లో వాసన పట్టే అవయవం ఇంకొకటి ఉంటుంది పిల్లికి, దానికి గాలి అందించే తీరు అది. ఆపైన గుడ్డ మీదే బుస కొట్టింది. ఆదెమ్మ "ఛీ, తప్పు" అనబోతే కాంపౌండరు గారు ఆపారు. "తిట్టకు. బుస కొట్టిందంటే కొట్టకుండా ఆగిందని. ఆ బుసను కూడా మానిపిస్తే ఈసారి చెప్పకుండానే పంజా విసురుతుంది." మసి గుడ్డా మీగడ దగ్గరికి వెళ్ళింది. కొన్నాళ్ళకు మసి ఆ ఓణీ ముక్క పక్కనే కూర్చుని తినడం మొదలుపెట్టింది, గుడ్డను పట్టించుకోకుండా. కాంపౌండరు గారికి కావలసింది ఆ పట్టించుకోకపోవడమే.

అప్పుడు తలుపు. కొట్టుగది తలుపు వేసే ఉంచి, ఇవతల మసికి, అవతల మీగడకి ఒకే వేళకు తిండి. ఉప్పూ కారం తగలకుండా ఉడికించి ముల్లు తీసిన చేప. ఎండుచేప ఉప్పు పిల్లులకు మంచిది కాదని, అది వద్దనీ ఆయన ముందే చెప్పారు. గిన్నెలు మొదట తలుపుకు చాలా దూరం. ప్రశాంతంగా తింటే మర్నాటికి జానెడు దగ్గరికి. తినడం మాని తలెత్తి చూస్తే మళ్ళీ జానెడు వెనక్కి.

ఇవతల ఆదెమ్మ, అవతల దుర్గ, రెండు పూటలా ఆ తలుపుకు చెరోవైపు చతికిలబడాల్సి వచ్చింది. పిల్లి తినేదాకా లేవకూడదు. కదలకూడదు. చేతికి వేరే పని లేదు. ఎదురుపడితే "ఊఁ", "ఆఁ" తప్ప పలకని కోడలు తలుపు మధ్యలో ఉంటే మాట్లాడింది. సావిడాయల పులుసులో మామిడికాయ వేస్తారా చింతపండా అని మొదలైంది. వాళ్ళ నాన్న పోయిన ఏడు పిల్లికూన ఇంటికి ఎలా వచ్చిందో ఒక రాత్రి చెప్పింది. పిల్లులు గిన్నెలు నాకేసి వెళ్ళిపోయాక కూడా ఇద్దరూ లేవలేదు.

జూన్ 15న బోట్లు బయల్దేరాయి. పోతూ పోతూ సత్తిబాబు ఒక పాతవల ఇచ్చి వెళ్ళాడు. దాన్ని మడతలు పెట్టి, తలుపు తీసిన గుమ్మానికి బిగించి కట్టారు. దాని మీద చీర కప్పారు. రోజూ భోజనాల వేళ చీరను కింది నుంచి బెత్తెడు పైకి ఎత్తడం. మొదట కాళ్ళు కనపడ్డాయి, తర్వాత గిన్నెలు, ఆ తర్వాత మూతులు. కళ్ళు కలిసిన రోజు మసి నోట్లో ముక్క నోట్లోనే ఆగిపోయింది. వలకు అవతల మీగడ రెప్పలు మెల్లగా సగం మూసి, మెల్లగా తెరిచింది. మసి బదులివ్వలేదు. తల పక్కకు తిప్పుకుని నమలడం మొదలుపెట్టింది. పిల్లుల మర్యాదలో అదీ చిన్న సంగతి కాదు.

ఇక అయిపోయిందనుకున్న వారమే చెడింది. ముసురు పట్టిన సాయంత్రం ఎక్కడిదో గండుపిల్లి ప్రహరీ ఎక్కి కిటికీలోంచి లోపలికి చూసింది. మసి ఒళ్ళంతా గగుర్పొడిచింది. కిటికీకి ఊచలున్నాయి, గండును అందుకోలేదు. ఆ ఊపులో వెనక్కి తిరిగి, అందిన చోటుకు, అంటే వలకు అవతల ఏ పాపం ఎరగని మీగడ మీదకు ఎగిరింది. గోళ్ళు వలలో చిక్కుకున్నాయి. చెయ్యి పెట్టకూడదని దుర్గకు గుర్తుంది. గోడకు వేలాడుతున్న చేట లాగి రెంటి మధ్యా అడ్డం పెట్టింది.

"మళ్ళీ మొదటికొచ్చింది" అని ఆదెమ్మ తల పట్టుకుంటే కాంపౌండరు గారు నవ్వారు. "మొదటికెందుకు? నాలుగు మెట్లు వెనక్కి, అంతే. చీర దించండి, గిన్నెలు జరపండి. ఆ కిటికీకి కింద సగం అట్ట కొట్టించండి."

ఇంట్లో ఇంకా కొన్ని మారాయి. ఇసుకతట్టలు మూడయ్యాయి, మూడు చోట్ల. నీళ్ళ ముంతలు తిండికి దూరంగా రెండు. సత్తిబాబు వేట నుంచి వచ్చినప్పుడు అటకకు రెండోవైపు నుంచి పలకమెట్లు కొట్టాడు, ఎక్కినది దిగడానికి ఇంకో దారి ఉండేలా. పెరటివైపు కిటికీలో ఒక ఊచ తీసేశారు. ఆ గడప దాటకుండానే పెరట్లోకి పోవచ్చు ఇప్పుడు. ఎవరూ ఎవరినీ అడక్కుండానే వంటింట్లో పోపుడబ్బాలు కూడా రెండయ్యాయి.

వినాయక చవితి దాటాక వల విప్పారు. మొదట్లో భోజనం వేళ మాత్రమే, వసారాకు ఈ కొస ఒకటి, ఆ కొస ఒకటి. తర్వాత కాసేపు ఎక్కువ. తర్వాత విప్పిన వల మళ్ళీ కట్టలేదు. అరుగు పొద్దున్న మసిది, మధ్యాహ్నం మీగడది. ఆ పంపకం ఎవరు చేశారో తెలియదు. ఎదురుపడితే మీగడ తోక నిటారుగా ఎత్తుతుంది, మసి ముక్కు కొస ఆడించి పక్కనుంచి పోతుంది.

రెండూ చుట్టుకుని పడుకుంటే ఫోన్లో ఫొటో తీసి అమ్మకు పంపుదామని దుర్గ కాచుకుని కూర్చుంది. అది జరగలేదు. దీపావళి రాత్రి బాంబులకు బెదిరి రెండూ ఒకే మంచం కింద దూరాయి. మధ్యలో జానెడు చోటు వదులుకున్నాయి.

నీతి: ఇద్దరిని కలపాలంటే ముందు ఎవరి చోటు వాళ్ళకు ఖాయం చెయ్యాలి. రెండోవారి రాకతో తన గిన్నె తగ్గలేదని మొదటివారికి నమ్మకం కుదరాలి. అది కుదిరేదాకా "కలిసుండండి" అన్న మాట దండగ.

ఇది అత్తాకోడళ్ళ కథేనని చదివేవాళ్ళు ఎప్పుడో పట్టేసి ఉంటారు, కాదనను. కానీ పిల్లుల సంగతిని పిల్లుల సంగతిగానే కాసేపు చూడాలి. మనుషులకు పొరపొచ్చాలు వస్తే మాట ఉంది, మధ్యవర్తి ఉన్నాడు, ఏదీ లేకపోతే పెద్దమనుషుల పంచాయితీ ఉంది. పిల్లికి అవేవీ లేవు. మన ఇళ్ళల్లో తిరిగే పిల్లులు పశ్చిమాసియాలోని ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి సంతతి అని 2007లో 'సైన్స్' పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. మనిషికీ వాటికీ పొత్తు పాతదే. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం దాదాపు 9,500 ఏళ్ళ నాటిది. గాదెల్లో ధాన్యం, ధాన్యానికి ఎలుకలు, ఎలుకలకు పిల్లి, అలా కుదిరిన పొత్తు. అయితే ఆ అడవిపిల్లి ఒంటరి వేటగత్తె. ఎలుకను పట్టడానికి గుంపు అక్కర్లేదు, పట్టిన ఎలుక ఇద్దరికి చాలదు. తిండి పుష్కలంగా ఉన్నచోట తల్లీకూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు గుంపుగా బతకడం ఉంది గానీ, ముక్కూమొహం ఎరగని పిల్లి గడపలోకి రావడం మాత్రం వాటి లెక్కలో చుట్టరికం కాదు, చొరబాటు. "తోడుంటుంది" అన్నది పూర్తిగా మన ఊహ.

నూకాలమ్మ సలహా ఎందుకు చెడ్డదో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనకు తెలుసు. రాయలవారు ఎలుకల బాధ పోవడానికి ఇంటింటికీ పిల్లినీ, దానికి పాలకోసం ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆపైన పాలగిన్నె చూస్తేనే పరుగు. ఆయన చమత్కారానికి నవ్వుతాం గానీ ఆ కథలో పిల్లి మనస్తత్వం అచ్చంగా ఉంది. మొదటి అనుభవం చేదైతే అది ఆ వస్తువుకే అంటుకుపోతుంది. గడియ వేసిన గది కాగిన పాలగిన్నె అన్నమాట. కాంపౌండరు గారు చేసింది దానికి తిరగవేత. అవతలిపిల్లి వాసన తగిలినప్పుడల్లా చేపముక్క వస్తుందని నేర్పడం.

మీగడ రెప్పలార్చడం నేను కథ కోసం కల్పించింది కాదు. మనిషి కళ్ళు మెల్లగా సగం మూసి తెరిస్తే పిల్లి తిరిగి అలాగే చేసే అవకాశం ఎక్కువని, అలా చేసిన కొత్తవాళ్ళ చేతికి దగ్గరవుతుందని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ప్రచురించారు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఇప్పుడే చేసి చూసుకోవచ్చు.

హైదరాబాదులోనో విశాఖలోనో ఫ్లాట్లో ఉన్నవాళ్ళకు వల దొరక్కపోయినా దోమలజాలీ తలుపు ఉంటుంది. అది చాలు. తట్టలు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలి, అన్నీ వరసగా ఒకే బాత్రూంలో పెడితే వాటి లెక్కలో అది ఒక్క తట్టే. కొత్తదాన్ని వేరే గదిలో ఉంచే రోజుల్లోనే పశువైద్యుడికి చూపించి టీకాలు వేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే, ముఖ్యంగా గండుపిల్లులకు, సగం తగవులు మొదలే కావు. ఏళ్ళ తరబడి కలిసి ఉన్నవి కూడా ఒకటి ఆసుపత్రికి వెళ్ళొస్తే మందువాసనకు రెండోది గుర్తుపట్టక మీద పడడం ఉంది. ఆ పూటకు వేరే గదిలో ఉంచి, ఇంటి వాసన పట్టనిచ్చి వదిలితే సరి.

ఎన్నాళ్ళు పడుతుందని అందరూ అడుగుతారు. కూనలైతే కొన్ని రోజుల్లో కావచ్చు, ఈడొచ్చినవాటికి వారాలు, నెలలు. ఎంత ఓపిక పట్టినా పొసగని జతలూ ఉంటాయి. అలాంటప్పుడు ఒకదానికి వేరే మంచి ఇల్లు చూడడంలో తలవంపులేమీ లేవు, నా మటుకు. అయితే ఇన్నాళ్ళూ కుదురుగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి రెండోదాని మీద పడుతుంటే ఇల్లు మార్చే ఆలోచనకు ముందు దాని పళ్ళు, కీళ్ళు, మూత్రం పరీక్ష చేయించండి. నొప్పి ఉన్న పిల్లి మూలగదు, కరుస్తుంది.